ఈతకు లెక్క గట్టిన గురువు: జేమ్సు కౌన్సిల్మన్ జీవితము

పందెములు ముగిసిన పిమ్మట గెలిచినవాని పేరును పలకపై వ్రాయుట ఎల్ల పాఠశాలలయందును వాడుక. ఓడినవాడు నిరుటికంటె ఎంత ముందునకు వచ్చెనో వ్రాసి యుంచువారు అరుదు. ఆ రెండవ లెక్కను గూడ శ్రద్ధతో వ్రాసి, దాని సాయముననే శిష్యులను తీర్చిదిద్దిన యొక గురువు చరిత్రమును మా చదువరులకు విన్నవింప దలచితిమి. ఆయన పేరు జేమ్సు ఎడ్వర్డు కౌన్సిల్మన్. శిష్యులు చనువుతో ఆయనను డాక్ అని పిలుచుచుండిరి.

కౌన్సిల్మన్ 1920 డిసెంబరు 28వ తేదీన అమెరికా సంయుక్తరాష్ట్రములలోని అలబామా రాష్ట్రమున, బర్మింగుహాము పట్టణమందు జన్మించెను. సెంటులూయీ నగరమున తల్లి రెక్కల కష్టము మీద పెరిగెను. ఆ యూరి ఉద్యానవనమున చేపపిల్లలను పెంచు చెరువే ఆయనకు మొదటి ఈతకొలను. తరువాత ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున చేరి, మంచి ఈతగాడని పేరొందెను. ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. ఆయన బాంబు విమానమును నడిపి, సాహసమునకు పతకము బడసెను. యుద్ధము ముగియగానే మరల పుస్తకము చేతబట్టి, 1951లో ఐయోవా విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టమును పొందెను.

పిమ్మట న్యూయార్కు రాష్ట్రమున కార్ట్‌లండు కళాశాలలో ఉపాధ్యాయుడయ్యెను. అచ్చట జార్జి బ్రీన్ అను విద్యార్థి ఆయన చేతికి దొరకెను. కళాశాలకు వచ్చువరకు ఆ యువకుడు ఈతపందెముల నెరుగడు. గురుశిష్యులిద్దరును కూడి పాటుపడగా, 1956 మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలలో 1500 మీటర్ల తొలి పోటీని బ్రీన్ 17 నిమిషముల 52.9 సెకండ్లలో ముగించి ప్రపంచ రికార్డు స్థాపించెను. కాని తుది పోటీలో ఆస్ట్రేలియా వాడగు మరే రోజు 17 నిమిషముల 58.9 సెకండ్లలో ఈది స్వర్ణపతకము గైకొనెను. బ్రీన్‌కు కాంస్యము మాత్రమే దక్కెను. గెలిచినవాని కాలము బ్రీన్ తొలి పోటీలో ఈదిన కాలముకంటె ఆరు సెకండ్లు ఎక్కువ యని చదువరులు గమనింతురు గాక. నిన్నటి లెక్క నేటి పందెమును గెలువదు. అది దారి చూపును గాని, మన బదులు ఈదదు.

1957లో కౌన్సిల్మన్ ఇండియానా విశ్వవిద్యాలయమునకు ఈత శిక్షకుడుగా వచ్చెను. కొలను గట్టున పెద్ద సెకండ్ల ముల్లుగల గడియారమును నిలిపి, ఈదువారు తమ కాలమును తామే చూచుకొను పద్ధతిని ఆయన వాడుకలోనికి దెచ్చెను. అంతకుముందు కాలము శిక్షకుని అరచేతిలోని గడియారమున దాగి యుండెడిది. ఇప్పుడది అందరి కన్నుల యెదుటికి వచ్చెను. ఒకే దూరమును, నియమిత విశ్రాంతితో, పలుమారులు ఈదించుట ఆ అభ్యాసమున ముఖ్యము. పది మారులును కాలము సమానముగా నుండిన, బలము కుదిరినదని అర్థము. మొదట మిక్కిలి తగ్గి, తుదకు మిక్కిలి పెరిగిన, ఈతగాడు తొందరపడి తన శక్తిని ముందే వెచ్చించెనని తెలియును. పందెమునందును ఇదే న్యాయము. ప్రతి భాగమునకు పట్టిన కాలమును విడివిడిగా చూచినగాని, ఓటమి ఎచ్చట మొదలయ్యెనో తెలియదు.

ఆయన కొలత గడియారముతో ఆగలేదు. నీటి అడుగున చలనచిత్రములు తీసి, చేతులు నడచు తీరును పరీక్షించెను. చేతిని తెడ్డువలె చాచి తిన్నగా వెనుకకు లాగవలెనని నాడు పలువురు శిక్షకులు బోధించుచుండిరి. మేటి ఈతగాండ్రు మోచేయి వంచి, వంకరదారిన చేతిని నడపుచున్నారని ఆ చిత్రములు వెల్లడించెను. అప్పుడు ఆయన చిత్రమును కాదనక, బోధనే మార్చుకొనెను. 1968లో ప్రచురించిన సైన్స్ ఆఫ్ స్విమ్మింగ్ అను గ్రంథము దేశదేశముల శిక్షకులకు ఆధారమయ్యెను. ఆ వంకరదారికి ఆయన చెప్పిన కారణమును గూడ పిదప వచ్చిన పరిశోధకులు కొంత సవరించిరి. ఇది ఆయనకు కొరత కాదు. కొలిచి చూడుమని నేర్పినవాని మాటను కొలిచి చూచుటయే అతనికి తగిన గురుదక్షిణ.

ఫలములు ఊరక రాలేదు. చెట్ జాస్ట్రెమ్‌స్కీ అను శిష్యుని బ్రెస్టు స్ట్రోకు ఈతలో కాళ్ల విసరును ఇరుకుగాను చురుకుగాను మార్చగా, అతడు 1961లో పలుమారులు ప్రపంచ రికార్డును తగ్గించెను. ఇండియానా జట్టు 1968 మొదలు 1973 వరకు వరుసగా ఆరేండ్లు జాతీయ కళాశాలల పోటీలలో ప్రథమస్థానము నిలుపుకొనెను. ఆ విద్యార్థులలో నొకడగు మార్కు స్పిట్జు 1972 మ్యూనికు ఒలింపిక్ క్రీడలలో ఏడు స్వర్ణపతకములు గెలిచెను. 1976 మాంట్రియల్ క్రీడలలో కౌన్సిల్మన్ శిక్షణాధిపత్యమున అమెరికా పురుషులు 13 పోటీలలో 12 గెలిచిరి. ఇంత గట్టి లెక్కల మనిషియైనను, అభ్యాసమున బాగుగా ఈదినవారికి చిన్నపిల్లలకు వలె తియ్యని బిళ్లలు పంచిపెట్టుచుండెడివాడు.

ఇతరులను కొలిచినవాడు తన్ను తాను కొలుచుకొనక మానలేదు. 1979 సెప్టెంబరు 14వ తేదీన, 58 ఏండ్ల ప్రాయమున, ఇంగ్లీషు ఛానెలును 13 గంటల 7 నిమిషములలో ఈది దాటెను. అంతటి వయస్సున దానిని దాటినవారు అదివరకు లేరు. 1990లో ఉద్యోగము విరమించెను. కడపటి యేండ్లలో పార్కిన్సన్ వ్యాధి ఆయనను బాధించెను. నీటిని లోబరచుకొనిన చేతులు వణక సాగెను. 2004 జనవరి 4వ తేదీన బ్లూమింగుటను పట్టణమున పరమపదించెను.

బాలబాలికలారా! తలాంతులు అందరికిని సమానముగా ఇయ్యబడలేదని మనము వేదపాఠమున చదివియున్నాము. ఐదు పొందినవానిని రెండు పొందినవానితో యజమానుడు పోల్చలేదు. ఎవనికిచ్చినదానికి వానినే లెక్క యడిగెను. మీరును పొరుగువాని మార్కులను గాక, మీ నిరుటి మార్కులను ఎదుట నుంచుకొనుడు. తలిదండ్రులకును, ఉపాధ్యాయులగు మాకును ఈ చరిత్రము ఒక హెచ్చరిక. బిడ్డ మార్కుల పట్టీ మన చేతికి వచ్చినప్పుడు, దానిని బెత్తముగా వాడుదుమా, దీపముగా వాడుదుమా? గట్టున గడియారమును నిలిపిన ఆ గురువు దానిని దీపముగా వాడెను. మనమును అట్లే చేయుదుము గాక.