విలియం లీ

విలియం లీ (1563 ప్రాంతం – 1614 ప్రాంతం) ఇంగ్లాండుకు చెందిన మతాచార్యుడు, మేజోళ్ళు అల్లే చట్రాన్ని 1589లో కనిపెట్టిన వ్యక్తి. తరువాతి కాలపు అల్లిక యంత్రాలకు, వాటితో వస్త్రకళను సాధన చేసిన కళాకారుల కృషికి ఈ చట్రమే మూలం.

జీవితం

లీ నాటింగ్‌హాంషైర్‌లోని కాల్వర్టన్ గ్రామానికి చెందినవాడు. కేంబ్రిడ్జిలో చదివి పట్టభద్రుడయ్యాడు. తాను ప్రేమించిన యువతి ఎప్పుడూ అల్లికలోనే మునిగి ఉండి తనను పట్టించుకోకపోవడంతో ఈ యంత్రాన్ని తయారు చేశాడని ఒక కథ ప్రచారంలో ఉంది. భార్య పడే శ్రమను చూడలేక చేశాడని మరొక కథ. రెండింటికీ తగిన ఆధారాలు లేవు.

యంత్రం

నేతలో పడుగు, పేక అని రెండు వరుసల దారాలుంటాయి. అల్లికలో ఒకే దారం తన ఉచ్చులోనుండి తానే దూరుతూ సాగుతుంది. చేతితో అల్లేవారు ఉచ్చులను ఒక్కొక్కటిగా వేస్తారు. లీ ఒక్కొక్క ఉచ్చుకు ఒక్కొక్క సూదిని కేటాయించి, వరుస మొత్తాన్ని ఒకేసారి అల్లే ఉపాయం కనిపెట్టాడు. సూది కొన వెనుకకు వంగి కొక్కెంలా ఉంటుంది. సూదుల మధ్య పలుచని రేకులు దిగి దారాన్ని ఉచ్చులుగా వంచుతాయి. అప్పుడు ఒక కడ్డీ కొక్కేలను నొక్కి మూయగా, పాత ఉచ్చు కొత్తదాని మీదుగా జారిపోతుంది. చెప్పడానికి ఇంతే గాని, పూర్వం ఇటువంటి యంత్రం ఏదీ లేని కాలంలో దీనిని ఊహించడం సామాన్యమైన విషయం కాదు.

ఆదరణ కోసం ప్రయత్నాలు

మొదటి యంత్రం ముతక ఉన్ని మేజోళ్ళను మాత్రమే అల్లింది. పేటెంటు కోరగా మొదటి ఎలిజబెత్ రాణి, చేతి అల్లికతో బ్రతికే పేదల పొట్ట కొట్టలేనని నిరాకరించిందని ప్రతీతి. లీ పట్టు విడువక సూదులను మరింత దగ్గరగా అమర్చి పట్టు మేజోళ్ళను కూడా అల్లి చూపాడు. అయినా పేటెంటు రాలేదు. 1600లో ఇతనితో భాగస్వామ్య ఒప్పందం చేసుకున్న జార్జి బ్రూక్‌కు 1603లో రాజద్రోహ నేరంపై మరణశిక్ష అమలయింది. జేమ్స్ రాజు కూడా ఆదరించకపోవడంతో లీ తన తమ్ముడు జేమ్స్‌తోను, కొందరు పనివారితోను ఫ్రాన్సు వెళ్ళి రూవెన్ నగరంలో పని ప్రారంభించాడు. అక్కడ ఆశ్రయమిచ్చిన నాలుగవ హెన్రీ 1610లో హత్యకు గురయ్యాడు. కొన్నేళ్ళకు లీ నిరాశలోనే మరణించాడు.

తరువాత

తమ్ముడు చాలావరకు యంత్రాలను తీసుకొని ఇంగ్లాండు తిరిగి వచ్చాడు. లీ వద్ద పని నేర్చిన ఆష్టన్ ఈ యంత్రాన్ని మెరుగుపరచాడు. 1657లో చట్రపు అల్లికదారుల సంఘానికి అధికారపత్రం లభించింది. నాటింగ్‌హాం ప్రాంతంలో ఇది వేలాది కుటుంబాలకు వృత్తి అయింది. రాణి భయపడినట్లు ఈ యంత్రం పనిని పోగొట్టలేదు. కాని 1811లో కూలి తగ్గి, నాసిరకం సరుకు పెరగడంతో లడ్డైట్లు పగలగొట్టినవి ఈ చట్రాలనే. మరుసటి ఏడాది చట్రాలను పగలగొట్టడాన్ని మరణశిక్షార్హమైన నేరంగా చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది.