రాకడ కోసం ఎదురుచూసిన జాన్ నెల్సన్ డార్బీ



మన విచారణలలోని కుటుంబాలకు ఇరుగుపొరుగు క్రైస్తవుల నుండి తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. ప్రభువు రహస్యంగా వచ్చి తనవారిని మేఘాలమీదికి ఎత్తుకొనిపోయే రోజున మీరు ఎత్తబడతారా, విడువబడతారా అన్నదే ఆ ప్రశ్న. పెద్దలు దానిని విని ఊరుకుంటారు. పిల్లలు మాత్రం మనసులో పెట్టుకుంటారు. బడినుండి ఇంటికి వచ్చేసరికి తల్లి కనబడకపోతే అమ్మ ఎత్తబడింది, నేను మిగిలిపోయాను అని వణికిపోయే పసివారున్నారు.

ఈ రహస్య రాకడ బోధను ఒక పద్ధతిలో పెట్టి ప్రపంచానికి అందించిన వ్యక్తి జాన్ నెల్సన్ డార్బీ. ఆయనను దుర్బోధకుడని ఒక్క మాటతో తోసివేయడం సులువే. కాని ఆయన ప్రభువును గాఢంగా ప్రేమించిన మనిషి. ఆ ప్రేమ ఏ దారిన నడిచి ఎక్కడికి చేరిందో తెలుసుకొంటే మనకు మేలు కలుగుతుంది.

డార్బీ 1800 నవంబరు 18న లండను నగరంలోని వెస్ట్‌మిన్‌స్టర్‌లో జన్మించారు. ఆయన కుటుంబానికి ఐర్లండులో కోట, భూములు ఉండేవి. తండ్రి సోదరుడు నౌకాదళంలో ప్రఖ్యాత సేనాని నెల్సన్ క్రింద పోరాడినవారు. పిల్లవాని పేరులో నెల్సన్ చేరింది అందువల్లనే. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో చదివి, 1819లో బంగారు పతకంతో పట్టా పొందారు. తరువాత న్యాయవాది అయ్యారు. కాని ఆ వృత్తిలో మనసు నిలువలేదు. 1825లో ఆంగ్లికన్ సభలో డీకనుగా, 1826లో గురువుగా అభిషేకం పొందారు.

ఆయనకు అప్పగించిన చోటు విక్లో కొండలలోని కేలరీ అనే పేద విచారణ. కోట ఉన్న కుటుంబంలో పుట్టినవాడు పేద రైతులలో ఒకడిగా బ్రతికారు. చేతికి వచ్చినది పంచిపెట్టి, మాసిన బట్టలతో కొండదారులు తిరిగారు. ఆయన కఠిన జీవితాన్ని చూసి కతోలిక రైతులు కూడా ఆయనను పూర్వకాలపు తపస్వితో పోల్చుకున్నారు. ఆ రైతులను తన సభలోకి చేర్చుకొనే పనిలోనే ఆయన ఉన్నారన్నది దాచవలసిన విషయం కాదు. అయితే ఆ సమయంలోనే డబ్లిన్ ఆంగ్లికన్ అగ్రపీఠాధిపతి విలియం మగీ ఒక నిబంధన పెట్టారు. కతోలిక శ్రీసభనుండి వచ్చేవారు ఇంగ్లండు రాజుకు విధేయతా ప్రమాణం చేయాలన్నారు. ఇది డార్బీని కలచివేసింది. క్రీస్తు సభకు రాజుతో ఏమి పని అని ఆయన అంతరాత్మ ఎదురు తిరిగింది.

1827లో ఆయన గుర్రం మీదనుండి పడ్డారు. కాలికి బలమైన దెబ్బ తగిలి చాలాకాలం మంచాన ఉన్నారు. ఆ రోజులలో బైబులు గ్రంథం తప్ప మరొక లోకం లేదు. నిజమైన సభ భూమిమీది ప్రభుత్వాలతో ముడిపడినది కాదు, పరలోకంలో ఉన్న క్రీస్తుతో ఏకమైనది అన్న భావం ఆయనలో స్థిరపడింది. ఇశ్రాయేలు ప్రజలకు చేసిన వాగ్దానాలు వేరు, సభకు చేసినవి వేరు అన్న విభజన కూడా అక్కడే మొదలైంది. ఆయన తరువాతి బోధ అంతా ఈ పునాదిమీద కట్టినదే.

ఆ ఇంట్లో అప్పుడు ఉపాధ్యాయుడుగా ఉన్న యువకుడు ఫ్రాన్సిస్ న్యూమన్ ఆయనకు ఆకర్షితుడయ్యాడు. 2019లో పునీతులుగా ప్రకటింపబడిన కార్డినల్ జాన్ హెన్రీ న్యూమన్‌గారికి ఇతడు స్వయానా తమ్ముడు. అన్న కతోలిక శ్రీసభలోకి వచ్చారు. తమ్ముడు డార్బీ వెంట కొంతదూరం నడిచి, చివరకు సంప్రదాయ క్రైస్తవ విశ్వాసాన్నే వదలివేశాడు.

ఆ రోజులలో డబ్లిన్‌లో కొందరు విశ్వాసులు ఇళ్లలో చేరి రొట్టె విరిచేవారు. ఏ శాఖవారైనా క్రీస్తును ప్రేమిస్తే చాలు, ఒకే బల్లవద్ద కూర్చోవాలన్నది వారి ఆశ. వారిలో కతోలిక కుటుంబంలో పుట్టిన ఎడ్వర్డ్ క్రోనిన్ ఉన్నారు. ఎక్సెటర్ పట్టణానికి చెందిన దంతవైద్యుడు ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ఉన్నారు. డార్బీ వారితో కలిశారు. తరువాత ఇంగ్లండులోని ప్లిమత్ పట్టణంలో పెద్ద కూటమి ఏర్పడటంతో వీరికి ప్లిమత్ బ్రదరెన్ అనే పేరు వచ్చింది.

అది అలజడి కాలం. ఫ్రాన్సు విప్లవం సింహాసనాలను కూల్చింది. 1798లో ఫ్రెంచి సైన్యం ఆరవ భక్తినాథ పోపుగారిని బందీగా తీసుకుపోయింది. లోకాంతం దగ్గరపడిందని అనేకులు ప్రవచనాలు తిరగవేసి లెక్కలు కట్టారు. 1831 నుండి 1833 వరకు విక్లోలోని పవర్స్‌కోర్ట్ భవనంలో ఆ ఇంటి యజమానురాలు ప్రవచన సభలు జరిపించారు. డార్బీ అక్కడ ముఖ్య బోధకులలో ఒకరు.

కాలక్రమంలో ఆయన బోధ ఇలా రూపుదిద్దుకుంది. ప్రభువు రాకడ రెండు దశలుగా జరుగుతుంది. మొదట ఆయన ఏ క్షణానైనా వచ్చి తన సభను ఎత్తుకొనిపోతారు. ఆ తరువాత భూమిమీద మహాశ్రమల కాలం వస్తుంది. అటుపిమ్మట ఆయన అందరికీ కనబడేలా మహిమతో దిగివస్తారు. ప్లిమత్ కూటమి నాయకుడైన బెంజమిన్ న్యూటన్ దీనిని ఒప్పుకోలేదు. రాకడ ఒక్కటే, సభ శ్రమలగుండా నడిచిన తరువాతనే ప్రభువును కలుసుకుంటుందని ఆయన బోధించారు. ఇద్దరూ ఒకే బైబులు చదివినవారే, ఒకే ప్రభువు కోసం ఎదురుచూసినవారే.

1845లో డార్బీ ప్లిమత్‌కు తిరిగివచ్చి న్యూటన్‌ను బహిరంగంగా ఎదిరించారు. రాకడ వేళ ఒక్కటే కారణం కాదు. సంఘాన్ని ఎవరు నడపాలన్న తగాదా కూడా ఉంది. తరువాత క్రీస్తు శ్రమలను గురించి న్యూటన్ చేసిన బోధలో తీవ్రమైన దోషం బయటపడింది. ఆయన పొరపాటు ఒప్పుకొని ప్లిమత్ విడిచి వెళ్లిపోయారు. అయినా నిప్పు ఆరలేదు. బ్రిస్టల్‌లో అనాథ పిల్లల తండ్రిగా పేరుపొందిన జార్జి ముల్లర్ సంఘం ప్లిమత్‌నుండి వచ్చిన కొందరిని చేర్చుకున్నదని, 1848లో డార్బీ ఆ సంఘంతోనే సంబంధం తెంచుకున్నారు. క్రీస్తును ప్రేమించే అందరికీ ఒకే బల్ల అని మొదలైన ఉద్యమం ఇరవై ఏళ్లలో రెండుగా చీలిపోయింది. ఈ ప్రమాదాన్ని గ్రోవ్స్ 1836లోనే పసిగట్టారు. జీవాన్ని విడిచి అభిప్రాయాలను ఐక్యతకు ఆధారం చేస్తున్నారని డార్బీకి ఉత్తరం వ్రాసి హెచ్చరించారు.

ఈ గ్రోవ్స్ మనకు దూరపువారు కారు. ఆ 1836లోనే ఆయన తనతోపాటు విలియం బౌడన్, జార్జి బీర్ దంపతులను భారతదేశానికి తీసుకువచ్చారు. గ్రోవ్స్ మద్రాసులోను, తరువాత చిత్తూరులోను పనిచేశారు. బౌడన్, బీర్ దంపతులు గోదావరి తీరాన నరసాపురంలో స్థిరపడ్డారు. గోదావరి ప్రాంతంలో ఈనాటికీ ఉన్న బ్రదరెన్ సంఘాలకు మూలం అదే.

డార్బీ పెళ్లి చేసుకోలేదు. ఐరోపా అంతటా, 1862 మొదలు ఉత్తర అమెరికాలోనూ పలుమార్లు తిరిగి బోధించారు. బైబులును జర్మను, ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలలోకి అనువదించే పనిలో ముఖ్యపాత్ర వహించారు. చివరి ఏళ్లలో ఆయన వర్గంలోనే మళ్లీ చీలిక వచ్చింది. తొలినాటి మిత్రుడైన క్రోనిన్‌ను కూడా వెలివేశారు. 1882 ఏప్రిల్ 29న బోర్న్‌మత్‌లో ఆయన కన్నుమూశారు. 1909లో అమెరికా దేశస్థుడు స్కోఫీల్డు వ్యాఖ్యానాలతో వెలువడిన బైబులు ఆయన బోధను ఇంటింటికీ చేర్చింది. ఎత్తబడుట శ్రమలకు ముందా, మధ్యనా, తరువాతనా అని ప్రొటెస్టంటు సోదరులు నేటికీ వాదించుకుంటున్నారు.

మరి మన శ్రీసభ ఏమి బోధిస్తున్నది? ప్రభువు రాకడ ఒక్కటే. ఆదివారం పూజలో మనం చెప్పే విశ్వాస ప్రకటన దానినే ఒప్పుకుంటున్నది. ఆయన మహిమతో వచ్చి సజీవులకు, మృతులకు తీర్పు తీరుస్తారు. అంతకు ముందు శ్రీసభ ఒక చివరి పరీక్షగుండా నడవవలసి ఉందని 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం చెబుతున్నది. శ్రమలనుండి ముందుగానే తప్పించుకొనిపోయే సభను అది ఎరుగదు. క్రీస్తు భూమిమీదికి కనబడేలా వచ్చి రాజ్యమేలుతారన్న వెయ్యేండ్ల పాలన బోధ క్షేమకరం కాదని 1944లోనే రోము నిర్ణయించింది.

ఎత్తబడుట అన్న మాటకు ఆధారం పునీత పౌలుగారు తెస్సలోనిక వాసులకు వ్రాసిన మొదటి లేఖలోని నాలుగవ అధ్యాయం. ఆయన ఎందుకు వ్రాశారు? ఆ సంఘంలో కొందరు చనిపోయారు. ప్రభువు వచ్చేనాటికి మనవాళ్లు లేకపోయారే అని బంధువులు కుమిలిపోతున్నారు. చనిపోయినవారే మొదట లేస్తారు, అందరం కలసి ప్రభువును ఎదుర్కొంటాము అని పౌలుగారు వారిని ఓదార్చారు. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాట, రాజుగారు వస్తుంటే పట్టణ ప్రజలు పొలిమేర దాటి ఎదురేగి లోపలికి తోడ్కొనివచ్చే సందర్భంలో వాడేది. మనకు తెలియనిదా? మేత్రాణులు విచారణకు విచ్చేసే రోజున ఊరి మొదట నిలిచి, మేళతాళాలతో ఎదురేగుతాము. ఎదురేగినవాళ్లం ఆయనతో ఊరు విడిచి పారిపోము. ఆయనను దేవాలయానికి తీసుకువస్తాము. అది ఎదుర్కోలు. అందులో భయానికి చోటు లేదు.

డార్బీ వద్ద మనం నేర్చుకోవలసినది ఉంది. ప్రభువు ఈ రోజే రావచ్చునన్న మెలకువతో ఆయన ఎనభై ఒక్క ఏళ్లు బ్రతికారు. విశ్వాస ప్రకటనను పెదవులతో చెప్పి రాకడను మరచిపోయే మనకు ఆ ఆకలి సిగ్గు పుట్టించాలి. ఆయన వద్ద జాగ్రత్తపడవలసినదీ ఉంది. గడియను గురించిన వాదం పక్కవాని చెయ్యి వదిలించేంత పెద్దదైతే, ఎదుర్కోలుకు వెళ్లేవారే చెల్లాచెదరవుతారు.

కాబట్టి పొరుగువారు అడిగినప్పుడు వారితో తగవు వద్దు. మేమూ ఆ ప్రభువు కోసమే ఎదురుచూస్తున్నామని చెప్పండి. ఇంట్లో బిడ్డ భయపడితే దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పండి. యేసు ప్రభువు దొంగచాటుగా అమ్మను తీసుకుపోయి నిన్ను విడిచిపెట్టేవారు కారు. ఆయన వచ్చే రోజున సమాధులలోని తాతయ్య, నాయనమ్మ సైతం లేస్తారు. అందరం కలసి ఎదురు వెళ్దాము.