పవర్ స్టీరింగు నిర్మాత ఫ్రాన్సిస్ డేవిస్

బరువైన లారీ నిలిచియున్నచోటనే దాని ముందు చక్రములను త్రిప్పుట ఎంత కష్టమో ఆ పని చేసినవారికే తెలియును. డ్రైవరు రెండు చేతులతో స్టీరింగు చక్రమును పట్టి, భుజబలమంతయు పెట్టి లాగవలెను. దారిలో గోతిలో బండి పడెనా, ఆ దెబ్బ స్టీరింగునకు ప్రాకి డ్రైవరు మణికట్టును విదలించును. మన తాతల తరములో ఇట్లు బండి తోలి కుటుంబములను పోషించినవారెందరో కలరు. నేడు అదే చక్రము ఒక చేతితో తిరుగుచున్నది. ఈ సౌకర్యమునకు మూలపురుషుడైన ఫ్రాన్సిస్ డేవిస్ చరిత్రమును మా చదువరులకు చెప్పదలచితిమి.

డేవిస్ 1887వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమునకు చేరిన జర్మన్‌టౌనులో జన్మించెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి 1910లో పట్టము పొందెను. పిమ్మట పియర్స్-ఆరో అను మోటారు కంపెనీలో చేరి, క్రమముగా లారీల శాఖకు ముఖ్య ఇంజనీరయ్యెను. ఆ కంపెనీ లారీలు మొదటి ప్రపంచ యుద్ధమున మిత్రరాజ్యముల సైన్యములకు పనిచేసినవి.

లారీలు పెద్దవగుకొలది స్టీరింగు బరువెక్కుచుండెను. పండ్ల చక్రముల నిష్పత్తి మార్చి దానిని తేలిక చేయవచ్చును గాని, అప్పుడు ఒక్క మలుపునకు స్టీరింగును పెక్కు చుట్లు త్రిప్పవలసివచ్చును. ఒక కష్టము పోయి మరియొకటి వచ్చును. కనుక మనుష్యుని బలమునకు ఇంజను బలమును తోడు చేయుటయే మార్గమని డేవిస్ తలచెను. 1922లో ఆయన ఉద్యోగమును వదలి, మసాచుసెట్స్ రాష్ట్రములోని వాల్తామ్ పట్టణమున ఒక చిన్న పనిశాలను అద్దెకు తీసికొనెను. జార్జి జెస్సప్ అను నేర్పరియైన పనివాడు ఆయనకు తోడయ్యెను.

నూనె ఒత్తిడితో నడచు యంత్రములు అంతకుముందే కలవు. వానిలో నూనె ఎల్లప్పుడును గొప్ప ఒత్తిడిలో మూయబడియుండెడిది. కవాటము తెరచినపుడు పని జరిగెడిది. ఒత్తిడి ఎడతెగక యున్నచో అతుకులనుండి నూనె కారును. డేవిస్ ఈ పద్ధతిని తలక్రిందులు చేసెను. ఆయన కవాటమును తెరచియే యుంచెను. పంపు త్రోసిన నూనె అడ్డులేక ప్రవహించి మరల తొట్టికి చేరును. డ్రైవరు స్టీరింగును త్రిప్పినపుడు మాత్రమే కవాటము కొంచెము కదలి నూనె దారిని ఇరుకు చేయును. వెంటనే ఒత్తిడి పుట్టి, సిలిండరులోని పిస్టనును త్రోసి, ముందు చక్రములను త్రిప్పుటకు సాయపడును. చేయి ఆగగానే ఒత్తిడి తగ్గును. ఆజ్ఞ డ్రైవరుది, శ్రమ నూనెది.

1925 నాటికి ఈ సాధనమును అమర్చిన పియర్స్-ఆరో కారు రోడ్డుపై నడచెను. 1926లో జనరల్ మోటార్స్ సంస్థ ఆయనతో ఒడంబడిక చేసికొనెను. ఇక విజయము చేతికందినదనుకొను సమయమున ఆర్థిక మాంద్యము ముంచుకొని వచ్చెను. కాడిలాక్ కార్లకు దీనిని అమర్చవలెనను ఆలోచన యుండెను. గాని అమ్ముడుపోగల కొద్ది కార్లకు తయారీ పరికరముల ఖర్చు గిట్టదని 1934లో సంస్థ ఆ పనిని విడిచెను. పండ్రెండేండ్ల శ్రమ మూలబడెను.

డేవిస్ మాత్రము విడువలేదు. 1936లో బెండిక్స్ సంస్థతో క్రొత్త ఒప్పందము చేసికొనెను. అంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. కవచము తొడిగిన సైనిక వాహనములను త్రిప్పుట సైనికుల చేతులకు మించిన పనియయ్యెను. కార్లవారికి అదనపు ఖర్చుగా తోచినది సైన్యమునకు అత్యవసరమయ్యెను. యుద్ధము ముగియునాటికి 10,000కు పైగా సైనిక వాహనములు పవర్ స్టీరింగుతో నడచినవి.

1951లో క్రైస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కారున పవర్ స్టీరింగును ప్రవేశపెట్టెను. దానికి ఆధారమైనవి గడువు తీరిన డేవిస్ పేటెంట్లే. అది చూచి జనరల్ మోటార్స్ మరల ఆయనను వెదకికొని వచ్చెను. అప్పటికి ఆయనకు అరువది యేండ్లు దాటినవి. మొదటి ఒడంబడికకును ఈ దినమునకును నడుమ ఇరువదియైదేండ్లు గడచినవి. డేవిస్ 1978లో తన తొంబదియవ యేట మరణించెను.

యుద్ధకాలపు లారీలన్నిటికిని ఈ సాధనము దొరకలేదు. అట్టి పాత సైనిక లారీలను బాగుచేసి నడుపుకొనువారు నేటికిని కలరు. వారు ఇంజనునకు పంపును బిగించి, కవాటమును, సిలిండరును గొట్టములతో కలిపి, స్టీరింగును తేలిక చేసికొందురు. వాల్తామ్ పనిశాలలో పుట్టిన ఆలోచనయే వారికిని దారి చూపుచున్నది.

విద్యార్థులారా, కారుచున్న నూనెను ఇంకను గట్టిగా బంధింప యత్నించుటకు మారుగా, అది ఏల కారుచున్నదని డేవిస్ యోచించెను. లెక్క తెగనపుడు మీరును ఇట్లే మొదటికి వచ్చి చూడుడు. తలిదండ్రులకు మా మనవి ఒక్కటియే: బిడ్డ చదువునకు ఫలము ఆలస్యమైనంత మాత్రమున ఆ శ్రమ వ్యర్థమని తలపకుడు.