హెన్రీ పిటో

హెన్రీ పిటో 1695లో ఫ్రాన్స్ దేశంలోని అరామోన్‌లో జన్మించాడు. బాల్యంలో అతనికి చదువంటే గిట్టేది కాదు. తరువాత ఒక పుస్తకాల అంగడిలో కంటపడిన రేఖాగణిత గ్రంథం అతని దారి మార్చింది.

నదిలో లోతుకు పోయేకొద్దీ నీటి వేగం పెరుగుతుందని ఆనాటి ఇంజనీర్లు ఎందరో నమ్మేవారు. మన బాగేపల్లి వద్ద చిత్రావతి పారేటప్పుడు చూసినా పైనీటి పరుగే కనిపిస్తుంది. అడుగున ఎంత వేగమో ఎలా తెలుస్తుంది?

1732లో పిటో పారిస్ నగరపు సీన్ నదిలోకి రెండు గొట్టాలు దించాడు. ఒకటి నిటారుగా ఉంది. రెండవదాని అడుగుకొనను వంచి, ప్రవాహానికి ఎదురుగా ఉంచాడు. నీటి తాకిడికి వంపు గొట్టంలో నీరు ఎక్కువ ఎత్తుకు లేచింది. ఆ తేడాయే వేగాన్ని తెలిపింది. అడుగుకు పోయేకొద్దీ వేగం తగ్గుతున్నదని తేలింది!

పిటో 1771లో మరణించాడు. అప్పటికి విమానాలే లేవు. నేడు బెంగళూరు జక్కూరు నుండి లేచే చిన్న విమానాలకు అటువంటి గొట్టమే ఉంటుంది. ఎదురుగాలి అందులో దూరి ఒత్తుతుంది. ఆ ఒత్తిడికీ, బయటి గాలి మామూలు ఒత్తిడికీ గల తేడాను బట్టి వేగసూచిలో ముల్లు కదులుతుంది.

నందికొండను మబ్బు కమ్మితే చోదకునికి నేల కనబడదు. వేగం మరీ తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు. గొట్టంలో కందిరీగ మట్టిగూడు కట్టిందంటే ముల్లు తప్పు చెబుతుంది. కనుక ఎగిరే ముందు చోదకుడు వంగి, గొట్టపు నోరు చూస్తాడు.