శస్త్రవైద్య పితామహుడు అల్ జహ్రావీ

శస్త్రచికిత్స చరిత్ర రాసేవారెవరూ అబుల్ ఖాసిం అల్ జహ్రావీ పేరు చెప్పకుండా ముందుకు పోలేరు. స్పెయిన్‌లో ముస్లింల పాలన సాగుతున్న రోజుల్లో, కార్డోవా నగరానికి దగ్గరలోని మదీనతుజ్ జహ్రాలో సుమారు 936లో ఆయన జన్మించారు. ఆ ఊరి పేరే ఆయన పేరులో నిలిచిపోయింది. వైద్యం చేస్తూ, శిష్యులకు నేర్పుతూ జీవితం గడిపి సుమారు 1013లో కన్నుమూశారు.

తన అనుభవసారాన్ని ఆయన 'అత్తస్రీఫ్' అనే 30 భాగాల గ్రంథంలో పొందుపరచారు. శస్త్రచికిత్సకు కేటాయించిన చివరి భాగంలో సుమారు 200 పనిముట్ల బొమ్మలున్నాయి. శిష్యులను సొంత బిడ్డల్లా సంబోధిస్తూ రాశారు. 12వ శతాబ్దంలో క్రెమోనా వాసి గెరార్డ్ దీన్ని లాటిన్‌లోకి అనువదించాక, ఐరోపా వైద్యులు వందల ఏళ్లు చదువుకున్నారు.

అందులో పసిపిల్లల తలలో నీరు చేరే జబ్బు గురించి ఒక అధ్యాయం ఉంది. ఒక బిడ్డ తల రోజురోజుకూ పెరిగి, ఆ బరువుకి కూర్చోలేక, చివరికి చనిపోవడం ఆయన కళ్లారా చూశారు. తాను చూసిన పిల్లలంతా త్వరలోనే చనిపోయారు కనుక ఈ జబ్బుకు కత్తి పట్టడం మానుకున్నానని దాచకుండా రాశారు. అంతటి నిపుణుడు తన చేతకానితనాన్ని ఒప్పుకోవడం చిన్న విషయమా!

ఆ జబ్బునే ఇప్పుడు హైడ్రోసెఫాలస్ అంటున్నాం. 20వ శతాబ్దం మధ్యలో షంట్ వచ్చింది. ఇది సన్నని గొట్టం. తలలోని నీటిని సాధారణంగా కడుపులోకి దింపుతుంది. దీనివల్ల ఎందరో పిల్లలు బతికారు. చిక్కల్లా ఆ గొట్టం పూడుకుపోతుండటమే. అప్పుడు దాన్ని సరిచేయాలి, లేదా మార్చాలి. కొందరికి మాత్రం మరో దారి ఉంది. పుర్రెకు చిన్న రంధ్రం చేసి, ఎండోస్కోపుతో లోపల చూస్తూ, మెదడులోని మూడవ గది అడుగున నీరు పోయేందుకు దారి తెరుస్తారు. 1923లో బోస్టన్‌లో మిక్స్టర్ అనే డాక్టరు తొలిసారి ఇలా చేశారు. అది పనిచేస్తే షంట్ అవసరమే ఉండకపోవచ్చు.

షంట్ ఉన్న బిడ్డకు తలనొప్పి, వాంతులు, మగత కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. జహ్రావీ చూసిన ఆ బిడ్డకు ఏ దారీ లేకపోయింది. మన బిడ్డలకు ఉంది.