బొమ్మల వెనుక కథ చెప్పిన అన్నా జేమ్సన్

నెమలిపింఛం, వేణువు కనిపిస్తే కృష్ణుడని మన పసిపిల్లలైనా చెప్పేస్తారు. అదే ఇటలీ చర్చిల్లోని చిత్రాలైతే నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తాళంచెవులు పట్టుకున్న ముసలాయన పీటరనీ, చక్రం పక్కనున్న అమ్మాయి కేథరిననీ అన్నా జేమ్సన్ పుస్తకం చదివాకే తెలిసింది.

1794లో డబ్లిన్‌లో పుట్టిందావిడ. తండ్రి చిత్రకారుడే గానీ సంపాదన అంతంతమాత్రం. పదహారో ఏటనే గొప్పింటి పిల్లలకు చదువు చెప్పే పనిలో చేరింది. 1825లో లాయరుతో పెళ్లయింది గానీ కాపురం నిలవలేదు. భర్త దేశాంతరం పోతే, తల్లిదండ్రుల్నీ చెల్లెళ్లనీ కలంతోనే ఆదుకుంది.

1843 నుంచి ఇటలీ చిత్రకారుల జీవితాల్ని 'పెన్నీ మ్యాగజైన్'లో రాసింది. ఒక్క పెన్నీ పత్రిక! అంటే చదివేది పండితులు కాదు, మామూలు జనం. 1848లో వచ్చిన 'సేక్రెడ్ అండ్ లెజెండరీ ఆర్ట్'లో ఏ బొమ్మలో ఎవరున్నారు, చేతిలో ఆ వస్తువెందుకు, దాని వెనుక కథేమిటి అన్నీ విప్పి చెప్పింది.

1854లో భర్త పోయాడు. వీలునామాలో ఆవిడకేమీ రాయలేదు. స్నేహితులే పూనుకుని ఏడాదికి నూరు పౌన్లు వచ్చే ఏర్పాటు చేశారు. అయినా ఆవిడ కలం పక్కన పెట్టలేదు. 1860లో కన్నుమూసేనాటికి క్రీస్తు చిత్రాల పుస్తకం సగంలో ఉంది. దాన్ని లేడీ ఈస్ట్‌లేక్ పూర్తిచేస్తే 1864లో అచ్చయింది.

ఇప్పుడు క్యాలెండరు బొమ్మనైనా నేను ఊరికే చూడను. చేతిలో ఏముందీ, ఎందుకుందీ అని పిల్లల్ని అడుగుతుంటాను. మీరూ అడిగి చూడండి.