విరిగిన కోరపళ్ళు

పోయిన డిసెంబర్ సెలవుల్లో నాన్నతో కలిసి ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ నేషనల్ పార్క్‌కి వెళ్ళాను. ధన్‌గఢీ గేటు దగ్గర అడవిని ఆనుకుని చిన్న మ్యూజియం ఉంది. పది నిమిషాల్లో చూసేసి సఫారీకి పోదాం అనుకున్నాం. కానీ స్టఫ్ చేసిన పులి ముందు నిలబడ్డాక నాకో డౌటు వచ్చింది. పులుల్ని కాపాడే పార్కుకి ఒక వేటగాడి పేరెందుకు?

జిమ్ కార్బెట్ 1875 జూలై 25న నైనితాల్‌లో పుట్టారు. తండ్రి అక్కడ పోస్ట్‌మాస్టర్. జిమ్‌కి ఆరేళ్ళు నిండకముందే ఆయన చనిపోయారు. చలికాలంలో కుటుంబమంతా కొండ దిగి కాలాఢుంగీలో ఉండేది. ఏ పక్షి ఎందుకు అరుస్తోందో, ఏ అడుగు ఏ జంతువుదో ఆ అడవిలోనే నేర్చుకున్నారు. మన వయసుకే చదువు ఆపి రైల్వేలో చేరారు. మొదటి పని, ఇంజన్లలో కట్టెల కోసం చెట్లు కొట్టించడం!

1907లో చంపావత్ ఆడపులిని చంపారు. అది నేపాల్‌లో, కుమావూన్‌లో కలిపి 436 మందిని పొట్టన పెట్టుకుందని లెక్క. చచ్చిన పులి నోరు చూస్తే కుడివైపు కోరపళ్ళు రెండూ విరిగి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కాల్చిన తూటా దెబ్బ అది. మామూలు వేట చేతకాకే అది మనుషుల మీద పడింది. అంటే తప్పు మొదట మనిషిదే.

అలాగని ఆయన వెంటనే మారిపోలేదు. ఏ మనిషినీ ముట్టని పోవల్‌గఢ్ పెద్దపులిని 1930లో కాల్చారు. ఇది దాచకుండా తన పుస్తకంలో రాసుకున్నారు. మెల్లగా తుపాకీ తగ్గి చేతిలోకి కెమెరా వచ్చింది. 1936లో మన దేశపు మొదటి నేషనల్ పార్క్ రావడం వెనక ఆయన కృషి ఉంది. అప్పుడు దాని పేరు హెయిలీ పార్క్.

1947లో అక్క మ్యాగీతో కెన్యా వెళ్ళిపోయారు. 1955లో అక్కడే చనిపోయారు. పార్కుకి ఆయన పేరు పెట్టింది 1957లో. ఆ సంగతి ఆయనకి తెలిసే అవకాశమే లేదు.

ఆ పళ్ళ సంగతి నేను ఇంటికొచ్చాక ఆయన పుస్తకంలో చదివాను. వెంటనే మ్యూజియంలో తీసిన ఫోటో తెరిచాను. అది చంపావత్ పులి కాదని తెలుసు. అయినా జూమ్ చేసి, ముందు దాని కోరలే చూశాను.